రెండణాల ఇంజను

షఫీక్ సాబుకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు చేతికి వచ్చినా దాన్ని తలకిందులు చేసి అడుగు చూడందే నోరు విప్పేవాడు కాదు. చూశాక విప్పితే వచ్చేది ఒకటే మాట: "రెండణాలు."

చెంబు ఇచ్చినా అంతే, చేతిగడియారం ఇచ్చినా అంతే. ఒకసారి బొంగులూరు చుట్టమొకడు ప్రేమగా కోడిని తెచ్చి చేతిలో పెడితే దాన్నీ తిరగేశాడు. కాళ్ళు పట్టుకుని కాసేపు పరీక్షగా చూసి "రెండణాలు" అన్నాడు. చుట్టం మళ్ళీ రాలేదు. కోడి మాత్రం ఆ అవమానానికి మూడు రోజులు గుడ్డు పెట్టలేదని ఆయన భార్య ఖాదర్ బీ చెప్పేది. ఆమె మొగుడికి ఎప్పుడూ సగం కప్పే చాయ్ పోసేది. నిండుగా పోస్తే ఏమవుతుందో ఆమెకు ముప్పై ఏళ్ళ అనుభవం.

లాలాగూడ రైలు కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు ఫిట్టరుగా చేసి, ఎడమచేతి చిటికెన వేలు సగం అక్కడే వదిలేసి, మిగతా మనిషి ఇబ్రహీంపట్నం వచ్చి బజారులో నాలుగు రేకుల కింద దుకాణం పెట్టుకున్నాడు. స్టవ్వులు, తాళాలు బాగుచేసేవాడు. ఇత్తడి గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోకీ పేరు లేని గిన్నె వచ్చేది కాదు. పెండ్లికి పెట్టిందైతే పెట్టినవాళ్ళ పేరు, కొనుక్కున్నదైతే కొనుక్కున్నవాళ్ళ పేరు ఉండాల్సిందే. పేరు కొట్టినందుకు షఫీక్ సాబు కూలి రెండణాలు. ఏ వస్తువు ధర అడిగినా ఆయన నోట ఆ ఒక్క మాటే రావడానికి కారణం అదేనని, పాపం ఆ నోటికి వేరే లెక్క రాదని జనం తీర్మానించుకున్నారు.

ఎదుట ఎవరున్నారన్న తేడా కూడా ఆయనకు లేదు. రజాకార్ల జోరు సాగుతున్నప్పుడు వాళ్ళ సర్దారొకడు కత్తి దూసుకుని దుకాణం ముందు నిలబడి, చూశావా అన్నట్టు ఊపాడు. షఫీక్ సాబు చెయ్యి చాపి కత్తి తీసుకున్నాడు, పిడి తిరగేశాడు, భూతద్దం పెట్టి చూశాడు. "పెండ్లి బరాత్‌కు చేసింది. పదును లేదు. రెండణాలు." మరి కొన్నాళ్ళకు రజాకార్లతో తలపడే సంగం మనిషొకడు బర్మారు తుపాకీ బాగుచేయమని తెచ్చాడు. తిరగేస్తే గొట్టంలోంచి గుండు జారి కిందపడింది. "రెండణాలు," అన్నాడు షఫీక్ సాబు, "గుండు వేరే." ఆఖరుకు యూనియన్ మిలిటరీ వచ్చి, ఒక సుబేదారు దుకాణం సోదా చెయ్యడానికి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. దాని సంగతీ అంతే అయింది. ముగ్గురూ ఆయన్ని ఏమీ చెయ్యలేదు. అంత తక్కువ ధర కట్టినవాడితో ఏం పెట్టుకుంటామని కాబోలు.

ఆ దుకాణం పక్కనే నర్సింహమ్మ చేపల గంప. పన్నెండేళ్ళుగా ఆ గంప అక్కడే, ఆ నోరూ అక్కడే. షఫీక్ సాబును ఆమె "చాచా" అని పిలిచేది, చాయ్ తెప్పించుకుంటే ఆయనకూ ఒకటి తెప్పించేది, మనసులో మాత్రం దొంగ అనుకునేది. ఆమెకు కారణం లేకపోలేదు.

ఆ గడబిడ జరిగిన రెండేళ్ళలో ఆ తాలూకాలో గిన్నెలు నడవడం నేర్చుకున్నాయి. ముందు రజాకార్లు వచ్చి కొన్ని ఇళ్ళు ఖాళీ చేశారు. అప్పుడే నర్సింహమ్మ ఇంట్లోంచి వాళ్ళమ్మ పెట్టిన గంగాళం పోయింది. తర్వాత సెప్టెంబరులో మిలిటరీ రాగానే సాయిబులు ప్రాణభయంతో పట్నం పారిపోతే, వేరే కొందరు వెళ్ళి ఆ ఇళ్ళు ఖాళీ చేశారు. ఇళ్ళు మారాయి గాని పద్ధతి మారలేదు. ఆపైన ఒకరోజు మిలిటరీవాళ్ళు డప్పు వేయించారు: పరాయి సొమ్ము ఎవరింట్లో దొరికినా పట్టుకుపోతామని. తెల్లారేసరికి పెద్ద చెరువులో నీటిమట్టం పెరిగింది. ఆ ఏడు బెస్తవాళ్ళ వలల్లో చేపలతో సమానంగా తాంబాళాలు పడ్డాయి.

దొరికినవాళ్ళు, దొరికిందని చెప్పుకునేవాళ్ళు, అందరూ సామాను పట్టుకుని షఫీక్ సాబు దగ్గరికే వచ్చేవాళ్ళు. అందరిదీ ఒకటే మాట. మల్లేశయ్య ఒకరోజు నవారు మంచం ఎత్తుకొచ్చాడు.

"యాడిది?" అన్నాడు షఫీక్ సాబు.

"చెరువుల దొరికింది చాచా."

మంచం ఎండుగడ్డిలా పొడిగా ఉంది. షఫీక్ సాబు ఆ సంగతి ఎత్తలేదు. మంచాన్ని తిరగేసి నాలుగు కోళ్ళూ చూసి "రెండణాలు" అన్నాడు. మల్లేశయ్య బేరమైనా ఆడకుండా పుచ్చుకుని, పీడ వదిలినట్టు వెళ్ళిపోయాడు.

అలా కొన్న సామానంతా ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. శుక్రవారం నమాజు కాగానే షఫీక్ సాబు సైకిలుకు గోనెసంచి కట్టుకుని ఒక వారం కోహెడ వైపు, ఒక వారం నాదర్‌గుల్ వైపు పోయేవాడు. వచ్చేటప్పుడు సంచి ఖాళీ. ఇంకేం కావాలి? రెండణాలకు కొని ఇరవై రూపాయలకు అమ్ముకుంటున్నాడని నర్సింహమ్మ తేల్చేసింది.

ఆమె గంగాళం సంగతి వేరు. అది డప్పు వేసిన నెలకు, ఒక తెల్లవారుజామున తనంతట తానే తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. కట్ట మైసమ్మ మహిమ. నర్సింహమ్మ ఆ ఆదివారమే మైసమ్మకు నల్లకోడిని కోసింది. దేవుడనేవాడు ఉన్నాడు, మనుషులే ఇట్లా ఉన్నారని ఆ తర్వాత షఫీక్ సాబు వైపు చూస్తూ నలుగురితో అనేది.

మిలిటరీ వచ్చిన మరుసటి ఎండాకాలం చెరువులో నీళ్ళు బాగా ఇంకిపోయాయి. వచ్చే ఆదివారం అందరూ కలిసి చేపలు పట్టాలని బెస్తవాళ్ళు నిర్ణయించుకున్నారు. పంపకం వలకో పాలు. వలను ముందుగా పెద్దమనిషి కాశయ్యకు చూపించాలి. చినిగిన వలకు పాలు లేదు. ఆ పాలు దక్కితే నర్సింహమ్మ ఇంట్లో వానలు పడేదాకా జొన్నలుంటాయి. దక్కకపోతే గంప బోర్లించుకుని కూర్చోవాలి.

మంగళవారం ఆమె మొగుడు బాలస్వామి వల ఎట్లా ఉందో చూద్దామని చెరువులో వేశాడు. ఏదో బరువు తగిలింది. ఇంత పెద్ద రవ్వచేపను పుట్టాక చూడలేదనుకుని రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాడు. వలకు దూడ దూరేంత బొక్క పడి, అందులోంచి ఒక ఇనుప పిండం బయటికొచ్చింది. మూరెడు పొడుగు. కింద చక్రాలు, పైన గొట్టం.

నర్సింహమ్మ వచ్చేసరికి దాని మీద గంప బోర్లించి, పది గజాల దూరంలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు బాలస్వామి.

"ఏందయ్యా గది?"

"దగ్గరికి పోకు. బాంబు."

"బాంబు పేల్తే కట్టెతోటి కొడ్తవా?"

బాలస్వామి కర్ర కింద పెట్టాడు. నర్సింహమ్మ వల చూసింది. బొక్కలో రెండు చేతులూ దూర్చి కొలిచింది. ఆమె తిట్టకపోయేసరికి బాలస్వామికి బాంబు కంటే ఎక్కువ భయం వేసింది. ఆ రోజుల్లో నూలు పర్మిటు మీద దొరికేది. పర్మిటు లేకుండా కావాలంటే ఇరవై రూపాయలు. చేతిలో ఉన్నది ఈ ఇనుప పిండం. ఇక దీన్ని అమ్మి నూలు తేవాల్సిందే.

మరునాడు దాన్ని చేపల కింద పెట్టి బజారుకు తెచ్చింది.

"చాచా, జర గిది చూడు."

"యాడ దొరికింది?"

"చెరువుల."

షఫీక్ సాబు నిట్టూర్చాడు.

"నిజంగ చెరువులనే! మైసమ్మ తోడు!"

"మల్లేశయ్య మంచం గూడ చెరువులనే దొరికింది బిడ్డా," అని ఆయన దాన్ని తలకిందులు చేశాడు. పైగొట్టంలోంచి చారెడు బురద, బురదతో పాటు ఒక చిన్న చేపపిల్ల బల్ల మీద పడ్డాయి. చేపపిల్లను తోక పట్టుకుని నర్సింహమ్మ గంపలో వేశాడు. "గిది నీదే."

తర్వాత గ్యాసునూనె గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. బురద పోతున్న కొద్దీ ఇత్తడి బయటపడింది, ఇత్తడి బయటపడుతున్న కొద్దీ షఫీక్ సాబు ముఖం మారింది. ముక్కు దానికి ఆనేంత దగ్గరగా వంగాడు.

"ఇంజన్," అన్నాడు.

"అవ్, గది నాకు గూడ కనబడ్తుంది."

"ఏం కనబడ్తుంది నీకు! చూడు, ముందట నాలుగు చిన్న చక్రాలు, ఎనక ఆరు పెద్దయి. కాచిగూడ లైన్ల గిసొంటియే తిరుగుతయి. నకల్ చేసిండు, మొత్తం. జర్మనీ బొమ్మలైతే రేకువి. రంగు అచ్చుగుద్దుతరు, చావి తిప్పితే ఉరుకుతయి. దీనికి చావి యాడుంది? లేదు. గీడ నీళ్ళు పొయ్యాలె, గీడ దీపం పెట్టాలె. ఆవిరితోటి ఉరుకుతది. అసలు ఇంజన్ ఎట్లనో గట్లనే!"

"గట్లనా," అంది నర్సింహమ్మ. ఇరవై రూపాయలు ఇరవై అయిదు అవుతున్నాయి ఆమె లెక్కలో.

"దుకాన్ల కొన్నది గాదు ఇది. చేత్తోటి చేసింది. గొట్టం చూసినవా? తుపాకి పేలినంక మిగిలే తూటా ఖోకా. ముందటి దీపం అద్దం షేర్వాని గుండీ. ఈ రివిట్లు లెక్కపెట్టు, ఒక్కొక్కటి సుత్తెతోటి కొట్టిండు. ఆర్నెల్లు కూసొని ఉంటడు. కార్ఖానా మనిషి చెయ్యి, పక్కా."

ఒక బొట్టు నూనె వేసి చక్రాన్ని వేలితో నెట్టాడు. చక్రం మొరాయించి, మూలిగి, తిరిగింది. దానితో పాటు పక్కనున్న కడ్డీ ముందుకీ వెనక్కీ ఆడింది. షఫీక్ సాబు చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఈ పన్నెండేళ్ళలో ఆయన పళ్ళు ఎన్నున్నాయో నర్సింహమ్మకు తెలిసింది ఆ రోజే. ముప్పై అనుకుంది ఆమె. పళ్ళు కాదు, రూపాయలు.

అప్పుడు ఆయన ఇంజనును మళ్ళీ తిరగేసి, అడుగున మిగిలిన బురద గోటితో గీకాడు. నవ్వు ఆగిపోయింది. అద్దం పెట్టాడు, తీశాడు, తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎండ ఇటు నుంచి అటు జరిగింది.

"చెప్పు చాచా, ఎంతైతది?"

షఫీక్ సాబు గొంతు సవరించుకున్నాడు.

"రెండణాలు."

నర్సింహమ్మ లేచి నిలబడింది. బజారులో సగం మంది తిరిగి చూశారు.

"రెండణాలా! గిప్పటిదాక ఆర్నెల్లు కూసొని చేసిండంటివి, రివిట్లంటివి, ఆవిరంటివి! నీ నోట్ల మూడో అణా పుట్టదా చాచా? నా వల చినిగింది దీంతోటి! ఆయితారం పాలు పోతది!"

"అమ్మకు బిడ్డా. నా తాన ఉంచు."

"ఉంచుకుంటవ్! శుక్కురారం సంచిల ఏసుకొని పోతవ్! నాకు తెల్వదనుకుంటున్నవా?"

ఆయన తల వంచుకుని ఒక తాళం తీసి బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆ తాళం నిన్ననే బాగుచేశాడు. నర్సింహమ్మ ఇంజనును గంపలో వేసుకుని విసవిసా వెళ్ళిపోయింది.

గురువారం పట్నం బస్సులో శ్రీపాల్ అనే వ్యాపారి వచ్చాడు. దొరల ఇళ్ళ పాతసామాను, గోడగడియారాలు, గాజుదీపాలు కొనేవాడు. ఇంజనును చూడగానే కళ్ళు పెద్దవి చేసి, వెంటనే చిన్నవి చేసుకున్నాడు.

"ముప్పై రూపాయలిస్త."

"హాలీయా, కల్దారా?"

"హాలీ."

ఇంగ్లీషు కల్దారంత విలువ లేని నిజాం హాలీ రూపాయే అయితేనేం, ముప్పై! నూలు పోను జొన్నలు కూడా వస్తాయి. నర్సింహమ్మ కొంగు సిద్ధం చేసింది. శ్రీపాల్ పైపైనే చూశాడు, తిరగేయలేదు. పన్నెండేళ్ళు షఫీక్ సాబు పక్కన కూర్చున్న మనిషి ఆమె. అడుగు చూడకుండా బేరం ముగుస్తుంటే ఆమెకు చెయ్యి దురద పెట్టింది.

"అడుగు గూడ చూస్కో, ఏం పలగలే," అని తనే తిరగేసి చూపించింది. షఫీక్ సాబు గోటితో గీకిన చోట ఉర్దూ అక్షరాలు మెరుస్తున్నాయి.

"ఏం రాసుంది?"

"ఏదో పేరు," అని శ్రీపాల్ చదివాడు. "'నన్నే బీ కోసం. ఖైసర్. పదమూడు వందల నలభై ఆరు ఫస్లీ.' ఫికర్ చెయ్యకు, ఆకురాయితోటి రెండు గీకులు గీకితే పోతది."

నర్సింహమ్మ కొంగు మెల్లగా కిందికి దించింది.

నన్నే బీ ఆమెకు తెలుసు. మసీదు గల్లీ చివర బొంతలు కుట్టుకుని బతికే మనిషి. మొగుడు ఖైసర్ షఫీక్ సాబుతో పాటే కార్ఖానాలో పనిచేసి ఆరేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. మొన్నటి గడబిడలో నన్నే బీ పట్నంలో తమ్ముడింటికి పారిపోయి, మూడు నెలల కిందట తిరిగొస్తే ఇంట్లో గోడలు మాత్రమే ఉన్నాయి. వాటిని ఎవరూ చెరువులో వేయలేకపోయారు.

షఫీక్ సాబు మీద నర్సింహమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి పక్కన కూర్చోకుండా ఉంటే ఈ పాడు అలవాటు అంటేది కాదు. అడుగు చూడకుండా ఉంటే ముప్పై రూపాయలు ఈపాటికి కొంగున ఉండేవి. చూసింది. చూశాక చూడనట్టు ఉండడం ఆమెకు చేతకాలేదు.

"ఇయ్య," అంది.

"ముప్పై అయిదు."

"ఇయ్య."

"నలభై. కల్దార్."

"ఇయ్యనంటిగదా! పో, నీ బస్సు పోతది!" అని అరిచింది. ఇంకో క్షణం ఉంటే ఇచ్చేస్తానేమోనని ఆమెకే భయం వేసింది.

ఇంటికొచ్చి చెబితే బాలస్వామి నోరు తెరిచాడు. "నలభై ఇస్తనంటే వద్దన్నవా?"

"అవ్."

"మరి వల?"

"నీ తల!" అని ఇంజనును చంకన పెట్టుకుని నన్నే బీ ఇంటికి బయల్దేరింది.

నన్నే బీ గడపలో కూర్చుని బొంత కుడుతోంది. ఇంజనును చూసి సూది వదిలేసింది. ఒళ్ళో పెట్టుకుంది, తడిమింది, తర్వాత ఉన్నట్టుండి పకపకా నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాకు రైలంటే భయం నర్సమ్మా! పెండ్లైన కొత్తల కాచిగూడకు తీస్కపోయిండు, పాలమూరు పోదామని. ఇంజన్ కూత పెట్టంగనే నేను స్టేషన్ దాటి ఉరికిన. ఎంత చెప్పినా ఎక్కలే. గప్పుడు గిది చేసిండు. 'జర దీన్ని ముట్టి చూడు, కరుస్తదా' అన్నడు. ముందు దీంతోటి దోస్తీ చెయ్యి, తర్వాత పెద్దదాన్ని ఎక్కుదువు అన్నడు."

"మరి ఎక్కినవా?"

"యాడ! దీనిక్కూడ భయపడ్డ నేను. గని రోజు తుడిచి పెట్టేదాన్ని."

నర్సింహమ్మ ముఖం తిప్పుకుని ఇల్లంతా కలియజూసింది. చూసి ఆశ్చర్యపోయింది. ఖాళీ ఇల్లని అందరూ చెప్పుకున్న ఇంట్లో, అర మీద చెంబులు, తాంబాళం, పాన్‌దాను, మూలన నవారు మంచం.

"గివన్నీ యాడియి?"

"నావే. షఫీక్ భాయ్ వారానికొకటి తెచ్చి పడేసి పోతడు. పైసలిస్తనంటే తీస్కోడు. నాకొక్కదానికే గాదు, కోహెడల మా ఆడిబిడ్డ సామాన్ గూడ గట్లనే తెచ్చిచ్చిండట."

నర్సింహమ్మ ఒక చెంబు తీసి తిరగేసింది. అడుగున నన్నే బీ పేరు, పేరు పక్కన ఉలితో కొట్టిన రెండు చుక్కలు. తాంబాళం తిరగేసింది. రెండు చుక్కలు. మంచం కోడు కింద కూడా రెండు చుక్కలు.

"గీ చుక్కలేంది?"

"రెండణాలకు కొన్నడట. ఎవల తాన అంటే చెప్పడు."

నర్సింహమ్మ ఇంటికి ఉరికింది. వెళ్ళిన వేగంలోనే గంగాళాన్ని ఎత్తి తిరగేసింది. నిండా నీళ్ళున్నాయి. పక్కనే వల ముందు దిగాలుగా కూర్చున్న బాలస్వామి నిలువునా తడిసిపోయాడు.

"ఓ పిచ్చిదానా!"

ఆమెకు వినపడలేదు. అడుగున వాళ్ళమ్మ పేరు, పేరు పక్కన రెండు చుక్కలు.

"నా నల్లకోడి!" అంది నర్సింహమ్మ. "గంగాళం తెచ్చింది సాయిబు, కోడి తిన్నది మైసమ్మ!"

శుక్రవారం పొద్దున్నే దుకాణం ముందు నిలబడింది. "నన్నే బీ ఇంజన్ నన్నే బీకి ఇచ్చిన," అంది. షఫీక్ సాబు తలెత్తి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

"చాచా, ఫలానోళ్ళదని ముందే చెప్తే నీ సొమ్మేం పోయె? నిన్ను దొంగనుకుంటి గదా నేను!"

"పేరు చెప్తే ఆ తెచ్చినోడు దొంగైతడు బిడ్డా. పదిమందిల మొఖం ఎట్ల చూపెడ్తడు? సామాన్ మళ్ళ చెరువులకే పోతది. రెండణాలంటే, బేరమైంది, పీడ పోయిందనుకుంటడు. ఊకె ఇయ్యమంటే అనుమానపడ్తడు."

"సరే. నా గంగాళం ఎవడు తెచ్చిండో గది చెప్పు."

"యాది లేదు."

"యాది లేదా? ఎవని పేరు ఏ గిన్నె మీద ఉన్నదో పన్నెండేండ్లవి చెప్తవ్ గదా!"

"అడుగులు చూస్త గని నేను మొఖాలు చూడ," అన్నాడు షఫీక్ సాబు, సంచి సైకిలుకు కట్టుకుంటూ.

ఇక వల మిగిలింది. శనివారం పొద్దున పిలవకుండానే నన్నే బీ వచ్చింది. చేతిలో బొంతలు కుట్టే దారం ఉండలు. మైనం పట్టించిన దారం, మూడు పేటలు వేస్తే ఉరితాడంత గట్టిగా ఉంది. ఆమె పేనుతుంటే బాలస్వామి ముడులు వేశాడు, నర్సింహమ్మ ఇద్దర్నీ తిట్టింది. పొద్దుగూకేసరికి బొక్క పూడింది. కాకపోతే ఆ దారం ఎర్రది. నల్లటి వల మధ్యలో దూడంత ఎరుపు.

ఆదివారం కట్ట మీద వలలన్నీ పరిచారు. కాశయ్య ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి ఎరుపు దగ్గర ఆగాడు.

"గిదేంది? వలనా, బొంతనా? నీళ్ళల్ల ఏస్తరా, కప్పుకొని పంటరా?"

అందరూ నవ్వారు.

"బొంతదారం నీళ్ళకు ఆగుతదా? నడుమల తెగితే చేపలన్నీ ఎల్లిపోతయి, పక్కోళ్ళకు గూడ నష్టం. పాలు లేదు," అన్నాడు కాశయ్య.

బాలస్వామి వల చుట్టబోయాడు. నర్సింహమ్మకు కళ్ళ ముందు జొన్నల కుండ అడుగు కనబడింది.

"ఆగు! షఫీక్ చాచాను పిలువుండ్రి. వలకు ధర కట్టిపియ్యుండ్రి!"

"రెండణాలంటడు," అన్నాడు కాశయ్య.

"అంటే మారుమాట్లాడకుండ ఇంటికి పోత!"

అనేసింది. అన్నాక గాని తెలియలేదు, ఏ మనిషి నోటి మీద పందెం కాసిందో. బాలస్వామి నెత్తి కొట్టుకున్నాడు.

షఫీక్ సాబు వచ్చాడు. వలను తలకిందులు చేయడం ఎట్లాగో అక్కడ ఎవరికీ తెలియదు. ఆయన చేశాడు. ఎర్ర ముడుల మీద అద్దం పెట్టి ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఆయన నోరు తెరిచాడు. ఆయనతో పాటు అందామని నలభై మందీ నోరు తెరిచారు.

"పన్నెండు రూపాయలు."

తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి.

"హాలీయా?" అన్నాడు కాశయ్య నీరసంగా.

"కల్దార్."

ఒకతని చేతిలోంచి వల జారి నీళ్ళలో పడింది. కత్తికి రెండణాలు కట్టినవాడు, సుబేదారు టోపీకి రెండణాలు కట్టినవాడు పన్నెండు అంటే మామూలు మనుషుల లెక్కలో అది ఎంతవుతుందో కాశయ్యకు అందలేదు. వలను ఒకసారి భక్తిగా ముట్టుకున్నాడు.

"దించుండ్రి," అన్నాడు.

ఆ రోజు బాలస్వామి వల రెండు చోట్ల చినిగింది. రెండూ పాత నూలు. ఎరుపు మాత్రం చెక్కుచెదరలేదు. చేపలు దానికి దడిచి తోకముడిచాయని కొందరన్నారు గాని, నర్సింహమ్మ పాలు నిండు గంప.

సాయంత్రం కొర్రమీను పులుసు వండి నన్నే బీ ఇంటికి తీసుకెళ్ళింది. షఫీక్ సాబు, ఖాదర్ బీ అప్పటికే అక్కడున్నారు. గిన్నె అందుకోబోయిన షఫీక్ సాబును నర్సింహమ్మ కసిరింది. "చెయ్యి తీయ్! తిన్నంక తిరగెయ్యి!" ఖాదర్ బీ గిన్నె తీసుకుని మొగుడికి అందనంత దూరంలో పెట్టింది.

తిన్న తర్వాత షఫీక్ సాబు ఇంజనులో నీళ్ళు పోసి, కింద దీపం వెలిగించాడు. నన్నే బీ రెండు కాళ్ళూ మంచం మీదికి లాక్కుంది. కాసేపటికి అది బుస్సుమంది, దగ్గింది, కదిలింది. నేల మీద రెండు బారలు నిక్కుతూ ఉరికి, బాలస్వామి బొటనవేలికి తగిలి, తలకిందులై పడి, చక్రాలు ఆడిస్తూ ఉండిపోయింది. అడుగున నన్నే బీ పేరు దీపం వెలుగులో మెరిసింది. "నేను చెప్పలే, కరుస్తదని!" అని నన్నే బీ చప్పట్లు కొట్టి నవ్వింది.

నర్సింహమ్మ షఫీక్ సాబు పక్కకు జరిగి మెల్లగా అడిగింది. "చాచా, ఎవలకు చెప్ప. ఇమానంగ చెప్పు. మా వల నిజంగ ఎంతైతది?"

షఫీక్ సాబు ఖాళీ పులుసుగిన్నె అందుకుని, తిరగేసి, అడుగు చూసి, జాగ్రత్తగా కింద పెట్టాడు.

"రెండణాలు."

ఖాదర్ బీ చాయ్ తెచ్చింది. అందరికీ నిండుగా, ఆయనకు సగం కప్పు.